టైమ్ సిరీస్‌ను న్యూరల్ నెట్‌వర్క్‌తో కుదించి, వర్గీకరించడం ఎలా?

సెన్సర్ నుంచి వచ్చే అంకెల పొడవాటి వరసను గుప్పెడు అంకెలకు కుదించాలి. ఆ గుప్పెడుతోనే అది ఏ క్లాస్‌కు చెందుతుందో తేల్చాలి. కుదించడం తేలికే. పది పాయింట్లకొక సగటు తీసినా కుదురుతుంది, ఆటోఎన్‌కోడర్‌కు (సిరీస్‌ను కుదించి మళ్లీ గీయడం నేర్చుకునే నెట్‌వర్క్) అప్పగించినా కుదురుతుంది. చిక్కల్లా ఒక్కటే: కుదింపులో జారిపోయింది సరిగ్గా క్లాస్‌ను పట్టిచ్చే ఆనవాలే కావచ్చు. తిరిగి గీసిన గీత అచ్చం పాతదానిలాగే ఉంటుంది, లాస్ (నెట్‌వర్క్ చేసే తప్పు కొలత) చక్కగా తగ్గి ఉంటుంది, వర్గీకరణ మాత్రం దెబ్బతింటుంది. అందుకే ప్రతి మెట్టులోనూ ఏం పోయింది, అది లేబుల్‌కు (సిరీస్ ఏ క్లాస్‌దో చెప్పే గుర్తు) అవసరమైనదేనా అని చూసుకుంటూ వెళ్లాలి.

అభ్యాసానికి ఈసీజీ5000 అనే డేటాసెట్ తీసుకుందాం. యూసీఆర్ అనే టైమ్ సిరీస్ డేటాసెట్ల ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇందులో 5000 గుండె చప్పుళ్లు (శబ్దాలు కావు, ఒక్కో స్పందనకు వచ్చే విద్యుత్ సంకేతం), ఒక్కోదానికి 140 పాయింట్లు, 5 క్లాసులు ఉన్నాయి. 500 ట్రైనింగ్‌కు, 4500 టెస్ట్‌కు ముందే విడగొట్టి ఉంటాయి. ఫైల్లో ప్రతి వరసలో మొదటి అంకె లేబుల్, మిగతా 140 డేటా. లేబుళ్లు 1 నుంచి 5 దాకా ఉంటాయి కానీ పైటార్చ్ లైబ్రరీలోని క్రాస్ ఎంట్రోపీ (వర్గీకరణకు వాడే లాస్) 0 నుంచి 4 దాకా అడుగుతుంది, కాబట్టి చదివిన వెంటనే ఒకటి తీసేయండి. లేకపోతే 5వ క్లాస్ మొదటిసారి ఎదురైనప్పుడు ప్రోగ్రామ్ ఆగిపోతుంది. జీపీయూ మీదైతే ఆ ఎర్రర్ సందేశం చూసి అసలు కారణం ఊహించడం కష్టం.

ఈ డేటా గురించి రెండు సంగతులు ముందే తెలిసి ఉండాలి. ఒకటి, ఈ చప్పుళ్లన్నీ గుండె వైఫల్యం ఉన్న ఒకే రోగి నుంచి 20 గంటలపాటు తీసిన రికార్డులోవి. కనుక ఇక్కడ ఎంత బాగా నేర్చుకున్నా, ఇంకొకరి గుండె మీద అది పనిచేస్తుందని చెప్పలేం. రెండోది మన విషయానికి మరీ దగ్గరది: పొట్టి చప్పుడైనా పొడుగు చప్పుడైనా ఇంటర్‌పొలేషన్‌తో (ఉన్న పాయింట్ల మధ్య విలువలు అంచనా వేసి) అన్నిటినీ 140 పాయింట్లకు సాగదీసో కుదించో ఇచ్చారు. అంటే ఒక్కో చప్పుడు నిజానికి ఎంతసేపు సాగిందన్న సమాచారం మన చేతికి రాకముందే పోయింది. మీ సొంత డేటాతో ఇలా చేయాల్సివస్తే, అసలు పొడవును విడిగా ఒక అంకెగా దాచి, చివర్లో క్లాసిఫయర్‌కు అందించండి. ఒక్క అంకెకు ఖర్చేమీ లేదు.

నెట్‌వర్క్‌కు ముందు

శాంప్లింగ్ రేటు (సెకనుకు ఎన్ని పాయింట్లు కొలుస్తామన్నది) తగ్గించడం కూడా కుదింపే. నిమిషానికి 1500 చుట్లు తిరిగే మోటారు మీద కంపనాల సెన్సర్ ఉందనుకోండి. అది సెకనుకు 25 చుట్లు. 1000 హెర్ట్జ్‌తో కొలిస్తే చుట్టుకు 40 పాయింట్లు వస్తాయి. పదింటికొకటి ఉంచి మిగతావి పారేస్తే రేటు 100 హెర్ట్జ్‌కు పడుతుంది. అప్పుడు 50 హెర్ట్జ్‌కు పైనున్నదేదీ సరిగా నిలవదు. పైగా నిలవకుండా పోవడంతో ఆగదు, వేషం మార్చుకుని తిరిగొస్తుంది: 70 హెర్ట్జ్ కంపనం ఇప్పుడు 30 హెర్ట్జ్‌గా కనిపిస్తుంది. నెట్‌వర్క్ దాన్నే నిజమని నేర్చుకుంటుంది. అందుకే ముందు లో-పాస్ ఫిల్టర్ (వేగమైన కంపనాలను ఆపేసేది) వేసి ఆ తర్వాతే పాయింట్లు తగ్గించాలి. పైథాన్ లైబ్రరీ సైపైలోని డెసిమేట్ ఫంక్షన్ ఈ రెండూ కలిపి చేస్తుంది. స్లైసింగ్‌తో పదో పాయింటుకొకటి ఏరుకోవడం మాత్రం వద్దు.

విండో (సిరీస్ నుంచి ఒకసారికి కోసుకునే ముక్క) పొడవు విషయానికొస్తే, సంగతి తిరిగి తిరిగి వచ్చేదైతే కనీసం రెండు మూడు ఆవృత్తాలు పట్టాలి. పై మోటారుకు 1000 హెర్ట్జ్ వద్ద 400 పాయింట్ల విండో అంటే పది చుట్లు. మొదలుపెట్టడానికి అది చాలు.

నార్మలైజేషన్‌లో చాలామంది ఆలోచించకుండా చేసే పని, ప్రతి సిరీస్‌నూ దాని సొంత సగటుతో, సొంత ప్రామాణిక విచలనంతో సరిచేయడం. ఆకారం ముఖ్యమైనప్పుడు ఇది సరైనదే. కానీ బేరింగు అరిగినప్పుడు కంపనం ఆకారం కన్నా ముందు దాని ఎత్తు మారితే, ఆ ఎత్తునే మీరు చెరిపేశారన్నమాట. అలాంటి చోట ట్రైనింగ్ సెట్ మొత్తానికి కలిపి ఒకే సగటు, ఒకే విచలనం వాడండి. లేదా సిరీస్‌వారీగా సరిచేసి, తీసేసిన ఆ రెండు అంకెలనూ ఫీచర్లుగా తిరిగి ఇవ్వండి. ఇంకో గుంట కూడా ఉంది: మెషీన్ ఆగి ఉన్నప్పటి సిరీస్ దాదాపు చదునుగా ఉంటుంది, విచలనం సున్నాకు దగ్గర. దాంతో భాగిస్తే సెన్సర్ గుసగుస కాస్తా పెద్ద కెరటమై కూర్చుంటుంది. విచలనానికి ఒక కనీస హద్దు పెట్టి, అంతకన్నా తక్కువైతే భాగించకుండా సగటు మాత్రం తీసేయండి.

ముందు సాదా పద్ధతి

నెట్‌వర్క్ కట్టకముందు మూడు కొలతలు తీసిపెట్టుకోండి. వీటిని దాటకపోతే నెట్‌వర్క్ దండగ. మొదటిది, నేరుగా యూక్లిడియన్ దూరంతో అతి దగ్గరి పొరుగును వెతకడం, అంటే ట్రైనింగ్‌లో అత్యంత దగ్గరగా ఉన్న సిరీస్ క్లాస్‌నే జవాబుగా ఇవ్వడం. ఈసీజీ5000 మీద ఇంత మాత్రానికే సుమారు 92.5 శాతం సరైన జవాబులు వస్తాయి. రెండోది, 140 పాయింట్లను పదేసి చొప్పున 14 సగటులుగా మార్చి మళ్లీ అదే పని చేయడం. మూడోది మినీరాకెట్. 2021లో వచ్చిన ఈ పద్ధతి 84 స్థిరమైన కెర్నెళ్లతో (సిరీస్ మీదుగా జరిపే చిన్న అంకెల నమూనాలు) దాదాపు పదివేల ఫీచర్లు తీసి, రిడ్జ్ అనే సాదా క్లాసిఫయర్‌కు ఇస్తుంది. వీటిలో రెండోదానికి, మొదటిదానికి తేడా పెద్దగా లేకపోతే మీ డేటాలో సన్నని వివరాల పాత్ర తక్కువని అర్థం. తేడా పెద్దదైతే కుదింపు విషయంలో జాగ్రత్త పడాలి.

దీంతోపాటు పీసీఏను (డేటాను కొన్ని ముఖ్య దిశల మీదికి దించే సాదా కుదింపు) 16 కాంపొనెంట్లతో నడిపి, తిరిగి నిర్మించినప్పుడు వచ్చే తప్పు ఎంతో రాసిపెట్టుకోండి. సరళరేఖీయ పద్ధతుల్లో అంతకు మించినది లేదు. రేపు మీ ఆటోఎన్‌కోడర్ అదే 16 అంకెలతో ట్రైనింగ్ డేటా మీద పీసీఏ కన్నా ఎక్కువ తప్పు చేస్తే, ఆర్కిటెక్చర్ మార్చేముందు కోడ్‌లో పొరపాటు వెతకండి, లేదా ఇంకొంతసేపు ట్రైన్ చేయండి.

ఆటోఎన్‌కోడర్

ఎన్‌కోడర్‌కు, అంటే కుదించే సగానికి, మూడు కన్వల్యూషన్ లేయర్లు (కెర్నెళ్లను సిరీస్ మీదుగా జరిపే పొరలు) చాలు. చానళ్లు (పక్కపక్కనే సాగే వరసలు) 1 నుంచి 16, 32, 64. కెర్నెల్ 5, స్ట్రైడ్ (జరిపే అడుగు) 2, ప్యాడింగ్ (అంచుల్లో చేర్చే సున్నాలు) 2. పొడవు 140 నుంచి 70కి, 35కి, 18కి తగ్గుతుంది. 64 చానళ్లను 18తో గుణిస్తే 1152. దాన్ని ఒక డెన్స్ లేయర్‌తో 16 అంకెలకు దించాలి. తిరిగి గీసే సగమైన డీకోడర్ ఇదే దారిలో వెనక్కు వస్తుంది.

వెనక్కు వచ్చేటప్పుడే కాలు జారుతుంది. 35ను సగం చేస్తే పైకి సవరించి 18 అయింది కదా, 18ని రెట్టింపు చేస్తే 36 అవుతుంది. ట్రాన్స్‌పోజ్డ్ కన్వల్యూషన్ (పొడవు పెంచే లేయర్) మూడింటికీ అవుట్‌పుట్ ప్యాడింగ్ (చివర చేర్చే అదనపు పొడవు) 1 అని పెడితే 18 కాస్తా 36, 72, 144 అవుతుంది. అసలు పొడవు 140, కాబట్టి లాస్ లెక్కించే చోట ఎర్రర్ వస్తుంది. కొందరు చివరి 4 పాయింట్లు కత్తిరించి పని కానిచ్చేస్తారు. ఎర్రర్ పోతుంది కానీ, డీకోడర్ ఆ సర్దుబాటు కూడా నేర్చుకోవాల్సి వస్తుంది. సరైన లెక్క ఇది: మొదటి లేయర్‌కు అవుట్‌పుట్ ప్యాడింగ్ 0 ఇస్తే 35, రెండోదానికి 1 ఇస్తే 70, మూడోదానికి 1 ఇస్తే 140. పొడవు వేరైతే వెళ్లేటప్పటి పొడవులన్నీ కాగితం మీద రాసుకోండి. బేసి సంఖ్య దగ్గరకు తిరిగి రావాల్సిన చోట 0, సరిసంఖ్య దగ్గరకైతే 1.

చివరి లేయర్ తర్వాత రెలూ పెట్టకండి. నార్మలైజ్ చేసిన సిరీస్‌లో సగానికి సగం రుణ సంఖ్యలుంటాయి, రెలూ వాటన్నిటినీ సున్నా చేసేస్తుంది.

ట్రైనింగ్‌కు ఆడమ్ (వెయిట్లను సరిదిద్దే పద్ధతి), లర్నింగ్ రేటు (ఒక్కో సవరణ ఎంత పెద్దదో చెప్పేది) 0.001, బ్యాచ్ (ఒకసారికి చూపే సిరీస్‌ల సంఖ్య) 32. ఇన్‌పుట్‌కు 0.1 విచలనంతో గాసియన్ నాయిస్ కలిపి, లక్ష్యంగా మాత్రం శుభ్రమైన సిరీస్‌నే ఇవ్వండి. వాలిడేషన్ లాస్ (ట్రైనింగ్‌కు వాడకుండా పక్కన పెట్టిన డేటా మీది లాస్) 50 ఎపాక్‌ల (ట్రైనింగ్ డేటా మొత్తం ఒకసారి చూస్తే ఒక ఎపాక్) దాకా తగ్గకపోతే ఆపి, అత్యుత్తమంగా ఉన్నప్పటి వెయిట్లను తిరిగి తెచ్చుకోండి. కంపనాల్లోని సన్నని అలజడే లేబుల్‌ను తేల్చేదైతే ఈ నాయిస్ జోలికి వెళ్లకండి. పనికొచ్చేదాన్నే మురికి అని నేర్పించినట్టవుతుంది.

లాస్ ఎందుకు మోసం చేస్తుంది?

నార్మలైజ్ చేసిన 140 పాయింట్ల సిరీస్‌లో రెండు పాయింట్ల వెడల్పు, 3 ఎత్తు ఉన్న శిఖరం ఒకటి ఉందనుకుందాం. డీకోడర్ దాన్ని పూర్తిగా వదిలేస్తే సగటు వర్గ దోషానికి (పాయింటుకు పాయింటు తేడాల స్క్వేర్ల సగటు) 2 × 9 ÷ 140, అంటే దాదాపు 0.129 చేరుతుంది. అదే సిరీస్‌లో నాలుగు పాయింట్ల వెడల్పు, 0.3 లోతు ఉన్న చిన్న నొక్కు ఉందనుకుందాం. దాన్ని వదిలేస్తే చేరేది 4 × 0.09 ÷ 140, అంటే 0.0026. ఏమీ నేర్చుకోకుండా సగటు గీత గీసినా దోషం 1 దగ్గరే ఉంటుంది కాబట్టి, ఆ నొక్కు విలువ నెట్‌వర్క్ దృష్టిలో వెయ్యింట మూడు వంతులకు లోపు. 16 అంకెల్లో దానికి చోటు దొరకదు. రోగాన్ని పట్టిచ్చేది ఆ నొక్కే అయితే లాస్ గ్రాఫ్ చూసి మీకు ఎప్పటికీ తెలియదు.

కనుక కుదింపు పరిమాణాన్ని లాస్ చూసి నిర్ణయించకండి. 2, 4, 8, 16, 32 అంకెలతో వేర్వేరుగా ట్రైన్ చేసి, ఎన్‌కోడర్‌ను స్తంభింపజేసి, ఆ అంకెల మీద మామూలు లాజిస్టిక్ రిగ్రెషన్ నడపండి. అదే రిగ్రెషన్‌ను అసలు 140 పాయింట్ల మీద కూడా నడపండి. పరిమాణం పెంచినా ఫలితం పెరగని చోట ఆగాలి. 32 దాకా వెళ్లినా 140 పాయింట్ల ఫలితానికి దూరంగానే ఉంటే, పోకూడనిది పోతోందన్నమాట.

దానికి మందు రెండు లాస్‌లను కలపడం. 16 అంకెల మీద ఒక చిన్న క్లాసిఫయర్ తగిలించి, మొత్తం లాస్‌ను సగటు వర్గ దోషానికి లాంబ్డా (మీరు ఎంచుకునే ఒక గుణకం) రెట్ల క్రాస్ ఎంట్రోపీ కలిపి తీసుకోండి. ఐదు క్లాసులకు క్రాస్ ఎంట్రోపీ 1.609 దగ్గర మొదలవుతుంది, నిర్మాణ దోషమేమో కాసేపటికే 0.1 కిందకు దిగుతుంది. లాంబ్డా 1 పెడితే నిర్మాణం గొంతు వినపడదు. 0.1తో మొదలుపెట్టి 0.03, 0.3 కూడా చూడండి. ట్రైనింగ్‌లో 100 శాతం, వాలిడేషన్‌లో అంతంతమాత్రం అయితే లాంబ్డా ఎక్కువైంది, ఎన్‌కోడర్ లేబుళ్లను బట్టీ పడుతోంది. 500 ఉదాహరణలకు ఇది తరచూ జరిగేదే.

లేబుల్ లేని డేటా కుప్పలుగా ఉండి, లేబుల్ ఉన్నది పిడికెడే అయితే దారి వేరు. ముందు అంతటి మీదా ఆటోఎన్‌కోడర్ ట్రైన్ చేసి, తర్వాత లేబుల్ ఉన్నవాటి మీద పదో వంతు లర్నింగ్ రేటుతో సరిదిద్దుకోవాలి.

నేరుగా వర్గీకరించే నెట్‌వర్క్

కుదింపు అవసరం లేదు, జవాబే కావాలనుకుంటే 2017లో వచ్చిన ఎఫ్‌సీఎన్ (కన్వల్యూషన్లతో కట్టిన నెట్‌వర్క్) ఇప్పటికీ మంచి ఆరంభం. మూడు కన్వల్యూషన్ లేయర్లు: 128, 256, 128 ఫిల్టర్లు, కెర్నెళ్లు 8, 5, 3. ఒక్కోదాని తర్వాత బ్యాచ్ నార్మలైజేషన్, రెలూ. చివర గ్లోబల్ యావరేజ్ పూలింగ్, దాని మీద క్లాసుల లేయర్. ఒకే చానల్, 5 క్లాసులకు ట్రైన్ అయ్యే పారామీటర్లు 2,65,349.

అయితే ఈ నెట్‌వర్క్ ఒక్కో చోట నిలబడి చూడగలిగేది ఎంతో లెక్క వేయండి. 1 + 7 + 4 + 2, అంటే 14 పాయింట్లు. 140లో పదో వంతు! ఆ తర్వాత పూలింగ్ అన్నిటినీ సగటు చేసేస్తుంది కాబట్టి ఏ ఆకారం ఉందో తెలుస్తుంది కానీ ఎక్కడుందో తెలియదు. రెండు శిఖరాల మధ్య 40 పాయింట్ల దూరమా, 55 పాయింట్ల దూరమా అన్నదే మీ క్లాసుల తేడా అయితే ఇది గుడ్డిదే. డైలేషన్ (కెర్నెల్ పాయింట్ల మధ్య ఖాళీలు వదలడం) వాడండి: కెర్నెల్ 3తో డైలేషన్ 1, 2, 4, 8, 16, 32 పెడితే చూపు 1 + 2 × 63, అంటే 127 పాయింట్లకు సాగుతుంది.

పాయింట్లను ఒక్కొక్కటిగా గుర్తుపెట్టుకుంటూ చదివే ఎల్‌ఎస్‌టీఎం నెట్‌వర్క్ గురించి ఎందుకు చెప్పలేదని అడగవచ్చు. వందల పాయింట్ల సిరీస్‌కు అది నెమ్మది, వర్గీకరణలో కన్వల్యూషన్ కన్నా అరుదుగా మెరుగు. మొదటి ప్రయత్నంగా దాన్ని ఎంచుకోవద్దు.

93.7 శాతం వచ్చిందని సంబరపడేముందు

ఈసీజీ5000 ట్రైనింగ్ సెట్‌లో క్లాసులవారీ సంఖ్యలు 292, 177, 10, 19, 2. టెస్ట్‌లో 2627, 1590, 86, 175, 22. చివరి మూడు క్లాసుల పేరే ఎత్తకుండా, మొదటి రెండింటినీ మాత్రం సరిగ్గా చెప్పే మోడల్‌కు ఎంత వస్తుంది? 4500లో 4217, అంటే 93.7 శాతం. అరుదైన మూడు రకాల్లో ఒక్కటీ పట్టలేని మోడల్ అది. అందుకే క్లాసులవారీ రికాల్ (ఆ క్లాస్‌వాటిలో ఎన్నింటిని పట్టిందన్న శాతం) తీసి, వాటి సగటు చూడాలి. ఈ మోడల్‌కు అది 40 శాతమే.

అరుదైన క్లాసులకు లాస్‌లో బరువు పెంచడం మామూలు ఉపాయం. సూత్రం ప్రకారం మొత్తం సంఖ్యను క్లాసుల సంఖ్య, ఆ క్లాస్ సంఖ్యల లబ్ధంతో భాగిస్తే 1వ క్లాస్‌కు 0.34, 5వ క్లాస్‌కు 50 వస్తాయి. రెండే రెండు ఉదాహరణలకు 50 రెట్ల బరువిస్తే, అవి బ్యాచ్‌లో పడ్డ ప్రతిసారీ నెట్‌వర్క్ ఎగిరి పడుతుంది. వర్గమూలం తీసుకోండి: 0.59, 7.07. స్థిరంగా సాగుతుంది. అసలు రెండు ఉదాహరణలతో ఏ క్లాస్‌నూ నేర్పలేం, దాన్ని వాలిడేషన్‌లో సరిచూడనూ లేం. 5000ని కలిపేసి కొత్తగా విడగొట్టుకోవచ్చు, అప్పుడు మాత్రం మీ అంకెలను ఇతరులు ప్రకటించిన అంకెలతో పోల్చకూడదు.

సొంత డేటాలో దీనికన్నా పెద్ద మోసం విండోల దగ్గర జరుగుతుంది. 400 పొడవు, 100 అడుగు పెడితే పక్కపక్క విండోల్లో 75 శాతం ఒకటే. వాటిని కలగాపులగం చేసి ట్రైనింగ్, టెస్ట్‌లుగా పంచితే ప్రతి టెస్ట్ విండోకూ దాదాపు కవల ట్రైనింగ్‌లో ఉంటుంది. ముందు మెషీన్‌వారీగానో, మనిషివారీగానో, తేదీవారీగానో విడగొట్టి, ఆ తర్వాతే విండోలు కోయాలి. నార్మలైజేషన్‌కు సగటు, విచలనం ట్రైనింగ్ భాగం నుంచే తీయాలి.

ఎర్రర్ రాని తప్పు

పైటార్చ్ కన్వల్యూషన్ బ్యాచ్, చానల్, పొడవు అన్న వరసలో అడుగుతుంది. మరో లైబ్రరీ కేరాస్ బ్యాచ్, పొడవు, చానల్ అంటుంది. ఒకే చానల్ ఉంటే తప్పు వెంటనే బయటపడుతుంది. మూడు అక్షాల యాక్సిలెరోమీటర్ డేటా 128 × 3గా ఉన్నప్పుడు దాన్ని 3 × 128 చేయడానికి రీషేప్ వాడితే ఏ ఎర్రరూ రాదు. కానీ మొదటి చానల్‌లోకి మూడు అక్షాల అంకెలూ ఒకదాని తర్వాత ఒకటి వచ్చి చేరతాయి. మోడల్ కొంత నేర్చుకుంటుంది కూడా, అందుకే అనుమానం రాదు. వరసలను సరిగా అటూఇటూ మార్చే పర్మ్యూట్ వాడండి, వాడాక ఒక చానల్‌ను గీసి కళ్లతో చూడండి. రంపపు పళ్లలా కనిపిస్తే రీషేప్ ఎక్కడో దాక్కుని ఉంది.

టెస్ట్ చేసేముందు మోడల్‌ను ఇవాల్ మోడ్‌లో పెట్టడం మరిస్తే బ్యాచ్ నార్మలైజేషన్ ఆ బ్యాచ్ సగటునే వాడుతుంది, అదే సిరీస్‌కు పక్కనున్నవాటిని బట్టి వేర్వేరు జవాబులు వస్తాయి. ఒకసారి ఒక్కటే పంపి, ఒకసారి 32లో కలిపి పంపి పోల్చండి. జవాబు మారకూడదు.

ఒక్క సీడ్‌తో (యాదృచ్ఛిక ఆరంభాన్ని నిర్ణయించే అంకె) వచ్చిన ఫలితాన్ని నమ్మకండి, ఐదు నడిపి సగటు, వ్యాప్తి రెండూ రాయండి. ఇన్సెప్షన్‌టైమ్ పద్ధతి ఐదు నెట్‌వర్కుల జవాబులు కలిపి తీర్పు చెప్పేది కూడా ఈ ఊగిసలాట వల్లే.

పనిలో పెట్టాక

పైన కట్టిన ఎన్‌కోడర్‌లో 31,440 పారామీటర్లున్నాయి. 32 బిట్లలో దాదాపు 126 కిలోబైట్లు, 8 బిట్లకు దించితే 32 లోపు. అందులో 18,448 ఒక్క డెన్స్ లేయర్‌వే. చిన్న చిప్‌లో పట్టకపోతే ముందు అక్కడ కోయాలి: మూడో కన్వల్యూషన్ చానళ్లను 64 నుంచి 32కు తగ్గిస్తే డెన్స్ లేయర్ సగమవుతుంది. మోడల్ ఫైల్‌తోపాటు నార్మలైజేషన్ అంకెలు, క్లాసుల వరస కూడా ఒకేచోట భద్రపరచండి.

డీకోడర్‌ను మాత్రం పారేయకండి. క్లాసిఫయర్‌కు తెలియదు అనే జవాబు లేదు, ఊడిపోయిన తీగ నుంచి వచ్చిన చెత్తను కూడా ఐదింట్లో ఒక క్లాస్‌లో వేసేస్తుంది, అదీ నిబ్బరంగా. వాలిడేషన్ డేటా మీద నిర్మాణ దోషాలన్నీ తీసి, 99వ పర్సెంటైల్‌ను (నూటికి 99 దోషాలు దానికి లోపే ఉండే విలువ) హద్దుగా పెట్టండి. కొత్త సిరీస్ దోషం ఆ హద్దు దాటితే లేబుల్ ఇవ్వకుండా పక్కన పెట్టి మనిషికి చూపించండి. మామూలు రోజుల్లో నూటికి ఒకటి అలా పక్కకు వెళ్తుంది. అది ఐదుకో పదికో పెరిగితే సెన్సర్ బిగింపు, శాంప్లింగ్ రేటు, నార్మలైజేషన్ ఫైలు ఈ వరసలో చూడండి, మోడల్‌ను మళ్లీ ట్రైన్ చేయడం ఆ తర్వాతే.